పలకని రెండు అక్షరాలు

నంద్యాల,
ఆషాఢం, ఆదివారం

చెల్లెలు రత్నమ్మకు, అన్న గురుమూర్తి దీవించి రాసేది.

నీ ఉత్తరం నిన్న అందింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు గంటలో పోతుంది, మన ఉత్తరం మాత్రం దారిలో ఉన్న గుళ్లన్నీ చూసుకుని తీరిగ్గా వస్తుంది. ఈసారి నువ్వు పంపిన ఇంగ్లీషు మాట 'బౌ'. చెట్టుకొమ్మ. సిగ్గు లేదా నీకు? ఎనిమిదో తరగతి పిల్లకాయలకు కూడా తెలిసిన మాట పంపి ఆట గెలుద్దామనుకున్నావు. బతుకంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి, నాకు కొమ్మలూ రెమ్మలూ పంపకు.

ఇదిగో నా మాట: 'సౌ'. ఎస్, ఓ, యు, ఆ వెనక మన జి, హెచ్. చెట్లలోంచి గాలి పోయేటప్పుడు మూలుగు లాంటి చప్పుడు వస్తుంది చూడు, దాన్ని పూర్వం అలా అనేవాళ్లు. ఇప్పుడు పుస్తకాల్లో తప్ప లేదు. వాక్యం: మిద్దె పక్క వేపచెట్టులో ఈ ఆషాఢమంతా ఒకటే 'సౌ', నాకు మధ్యాహ్నం కునుకు లేదు.

మొన్న నీ కూతురు భానుప్రియ ఫోన్ చేసి, "మామా, అమ్మా నువ్వూ మాట్లాడుకోరు గదా, మరి నెలనెలా ఏం రాసుకుంటాండారు?" అని అడిగింది. మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. నీ పెళ్లప్పుడు ఇద్దరమూ ఒకే నిఘంటువు కోసం కొట్లాడటం, నాయన బట్టల అంగట్లోంచి కత్తెర తెచ్చి పుస్తకాన్ని మధ్యకు కోయడం, ఏ నుంచి ఎల్ దాకా నీకూ ఎం నుంచి జెడ్ దాకా నాకూ రావడం. ఎవరి సగంలోంచి వాళ్లు జి, హెచ్ పక్కపక్కనే ఉన్న పాత మాట ఒకటి వెతకాలి, దానితో ఇంటి సంగతి ఒకటి వాక్యం కట్టాలి, అదే ఆట అని చెప్పాను. "ఆ రెండక్షరాలు పలకవు గదా మామా, వాటి ఎంట ఎందుకు పడినారు?" అంది. ఒకప్పుడు పలికేవి. గొంతు అడుగు నుంచి, కఫం తీసినట్టు గట్టిగా పలికేవాళ్లు. తర్వాత జనానికి ఓపిక తగ్గి నోటితో అనడం మానేశారు, రాతలో మాత్రం ఉంచారు. వాట్సాప్‌లో ఆడుకోండి అని సలహా కూడా ఇచ్చింది. అందులో మనం తప్పు రాసినా అదే దిద్దుతుంది, ఇంక ఆటేముంది?

ఇంకొక్క మాట. నీకు ఒకసారి ఫోన్ చేద్దామనుకుంటున్నాను. ఏమీ లేదు, ఊరికే. నువ్వు మాట్లాడనక్కర్లేదు, ఎత్తి విను చాలు.

నీ అన్న
గురుమూర్తి


ఆళ్లగడ్డ,
శ్రావణ శుక్రవారం, వ్రతం పనులు అయ్యాక

అన్నకు, రత్నమ్మ నమస్కారం.

'సౌ' బాగుంది, ఒప్పుకుంటున్నాను. మాకు ఇక్కడ అది వినపడే భాగ్యం లేదు. వీధి పొడుగునా విగ్రహాలు చెక్కే షెడ్లే. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, దాని మీద రాయి కోసే మిషను చప్పుడు, ఇంట్లో ప్రతి గిన్నె మీదా తెల్లటి దుమ్ము. అయినా దేవుళ్లు పుట్టే వీధి, తిట్టకూడదు.

నా మాట 'హాక్'. రాసేటప్పుడు హెచ్, ఓ, యు, జి, హెచ్; పలికేటప్పుడు చివర 'క్'. చూశావా, నా సగంలో ఎలాంటివి ఉన్నాయో! పశువుల వెనక కాలు మధ్యలో ఉండే కీలు. వాక్యం: మా ఇంట్లో 'హాక్' నొప్పితో మెట్లెక్కలేని పశువు ఒకటుంది, మీ బావ దానికి రోజూ నూనె రాస్తాడు. నవ్వుకో, నాకేం.

ఫోన్ సంగతి మాత్రం ఎత్తొద్దు. నీకు తెలిసే అడుగుతున్నావు. భానుప్రియ పుట్టి నేను ఇక్కడ బాలింతగా ఉన్నప్పుడు అమ్మ మంచాన పడితే, "కొంచెం జ్వరం, నీళ్లు మారినాయి" అని నువ్వు కబురు పంపావు. నిజమే అనుకుని నేను ఇక్కడ కారం పొడి అన్నం తింటూ కూర్చున్నాను. నువ్వు నిజం చెప్పి పంపిన మొదటి కబురు చావు కబురు. ఆ రోజు పక్కింటి బాలమ్మ నా చేతులు పట్టుకుని, "రోజూ నిన్నే పిలిచ్చాండె గదమ్మా మీయమ్మ, ఎందుకు రాల్యా?" అని అడిగింది. ఏం చెప్పాలి నేను?

బిడ్డ పుట్టెంట్రుకలు తీయించడానికి ఎగువ అహోబిలం పోయినప్పుడు నరసింహస్వామి ముందర అన్నాను, అమ్మ గొంతు నన్ను విననియ్యని వాడి గొంతు నేను ఇంక వినను అని. వినను అన్నాను గానీ చదవను అనలేదు. అందుకే ఈ ఉత్తరాలు మిగిలాయి. వాటితో సరిపెట్టుకో అన్నా.

రత్నమ్మ


నంద్యాల,
శ్రావణం చివర

బావకు, గురుమూర్తి రాసేది.

ఇది అంగడి అడ్రసుకు పంపుతున్నాను. ఎరువుల బస్తాల మధ్య కూర్చుని చదువు, ఇంటికి తీసుకుపోవద్దు. ఫోన్‌లో చెబితే నువ్వు అక్కడే ఏడుస్తావు, పక్కన రత్న ఉంటుంది.

వేసవిలో పట్టిన దగ్గు వదలలేదు. కర్నూలులో చూపించాను. గొంతులో మాట పుట్టే చోట గడ్డ ఉంది, మంచిది కాదు. ముందు మందులతో కుదించి, ఆశ్వయుజంలో ఆపరేషన్ చేస్తారు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారు. మెడ ముందర రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచి. మాట ఉండదు. తర్వాత మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇస్తారట. ఆసుపత్రి వరండాలో ఒకాయన దానితో మాట్లాడుతుంటే విన్నాను, పక్కనే ఇంకొకాయన కూడా మాట్లాడాడు. ఇద్దరిదీ ఒకే గొంతు.

బావా, నాకు ఒక్కటే పని మిగిలి ఉంది. అమ్మ చివరి వారం మాట పడిపోయే ముందు రత్నను పిలిచేది. ఆ పిలుపు మామూలుది కాదు. చిన్నప్పుడు మేము వీధిలో ఆడుకుంటుంటే అన్నానికి పిలిచేది చూడు, సాగదీసి, చివర కొంచెం పైకి లేపి, అచ్చం అట్లా పిలిచేది. పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. అది నా చెవిలో ఇంకా ఉంది. నా గొంతు అమ్మ గొంతే అని ఊరంతా అనేవాళ్లు, ఆ పిలుపు నాకు వస్తుంది. రత్న పోగొట్టుకున్నది అదే. నా గొంతు పోకముందు ఒక్కసారి దానికి వినిపించాలి. ఇది రాతకు లొంగే పని కాదు.

కానీ నా జబ్బు సంగతి నువ్వు దానికి చెప్పకూడదు. గొంతు పోతుందని తెలిసి వచ్చి వింటే అది వినడం కాదు, శవాన్ని చూడటానికి రావడం. కోపంతోనైనా సరే, తనంతట తాను రావాలి. నేను బతిమాలి పిలుస్తాను, నువ్వు పక్కనుంచి నచ్చజెప్పు. నిజం మాత్రం చెప్పొద్దు. నా మీద ఒట్టు.

గురుమూర్తి


ఆళ్లగడ్డ, అంగడి నుంచి,
వినాయక చవితి ముందర

బావా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. బిల్లు రాసినట్టు రాస్తాను, సర్దుకో.

చదివాను. ఏడ్చాను కూడా. గుమాస్తా చూసి యూరియా కళ్లలో పడిందా అని అడిగాడు.

నువ్వు చేస్తున్నది తప్పు. అప్పుడు మీ అమ్మ సంగతి దాచావు, ఇప్పుడు నీ సంగతి దాస్తున్నావు. ఒక మనిషిని ఒకే రాయితో రెండుసార్లు కొడతారా అప్పా? ఎంత చదివితే ఏం లాభం. నిజం చెబితే ఈ పూటే బస్సెక్కుతుంది. జాలి అంటావు. జాలి అయితే ఏం, వచ్చిందా లేదా అన్నది లెక్క.

ఒట్టు వేశావు కాబట్టి నోరు కట్టుకున్నాను. అన్నం తినేటప్పుడు కదిపి చూశాను. "మీ అన్నకు ఒకసారి ఫోన్ చేయరాదా?" అన్నాను. "ఏం, ఆయప్పకు ఏమైంది?" అంది. "ఏం గాల్యా, ముసలోడైతాండాడు గదా" అన్నాను. "నేను గూడా అయితాండా" అని లేచి పోయింది.

ఒక పని చెయ్. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టు. మీ అమ్మ పిలుపు ఎట్లుండేదో అట్లా పిలిచి పెట్టు. ఆమె ఎప్పుడు వింటే అప్పుడు వింటుంది.

కర్నూలుకు నేను వస్తా. సరుకుకు పోతున్నానని ఇంట్లో చెప్తా.

శేషయ్య


నంద్యాల,
భాద్రపదం

బావా,

నువ్వు చెప్పినట్టు చేశాను. తలుపులేసుకుని ఫోన్ బల్ల మీద పెట్టి కూర్చున్నాను. గొంతు అప్పటికే బొంగురు. అయినా మనిషి ఎదురుగా ఉంటే ఎలాగో తెచ్చుకుంటాను, క్లాసులో జ్వరంతో కూడా పాఠాలు చెప్పిన గొంతే ఇది. ఆ అద్దం ముక్క ముందర "రత్నా" అంటే ఎవరో పరాయివాడు అప్పు అడిగినట్టుంది. నాలుగైదు సార్లు పిలిచి చూశాను, అమ్మ రాలేదు. తుడిచేశాను.

మనిషి రావాలి బావా. దాని ముఖం చూస్తే వస్తుంది ఆ పిలుపు. నాకు ఆ నమ్మకం ఉంది.

గురుమూర్తి


ఆళ్లగడ్డ,
భాద్రపద బహుళం, మంగళవారం

అన్నకు, రత్నమ్మ నమస్కారం.

పోయిన ఉత్తరంలో నువ్వు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. 'ట్రఫ్' పంపావు, పశువులు నీళ్లు తాగే తొట్టి అన్నావు, బాగుంది, కానీ వాక్యంలో పస లేదు. ఏమైంది నీకు?

భానుప్రియ నిన్న వచ్చింది. "మామకు ఫోన్ చేస్తే గొంతు గుర్తుపట్టలేదుమా. ఎవరో అనుకోని పెట్టేయబోతి. జలుబంట" అంది. గుర్తుపట్టలేదు అన్న మాట నాకు లోపల ఎక్కడో తగిలింది. ఆ తర్వాత పప్పు మాడింది, పాలు పొంగాయి, ఒక పనీ సరిగ్గా చేయలేకపోయాను. నేను వినకపోయినా నీ గొంతు నంద్యాలలో అట్లాగే ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి వినొచ్చు, పోకపోవడం నా ఇష్టం అనుకున్నాను. అది మారుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఒట్టు వెనక్కి ఇచ్చేస్తాను అన్నా. నా కోపం పోయిందని కాదు. అది ఉంది. దాన్ని మోసుకుంటూనే నీతో మాట్లాడతాను. కానీ దేవుడి ముందర అన్న మాటను వంటింట్లో కూర్చుని తీసేసుకోకూడదు. ఎక్కడ అన్నానో అక్కడికి పోయి, ఆ స్వామికే అప్పజెప్పి, తల స్నానం చేసి ప్రసాదం తిన్నాకే నీ గొంతు వింటాను. కార్తీకంలో వానలు ఆగాక పోతాను. ఈ మోకాళ్లతో ఇప్పుడు ఆ మెట్లు ఎక్కలేను.

ఒకటి సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. జలుబేనా?

ఈసారి నా మాట 'డైట్'. డి, ఐ, జి, హెచ్, టి. అలంకరించిన అని అర్థం. తినే డైట్ కాదు, అది తగ్గించమని నీ మేనకోడలు నాకు రోజూ చెబుతూనే ఉంది. వాక్యం: మా వీధిలో చవితికి 'డైట్' చేసిన వినాయకుడు ఇంకా షెడ్డులోనే ఉన్నాడు, తీసుకుపోవాల్సిన వాళ్లు రాలేదు.

రత్నమ్మ


నంద్యాల,
అమావాస్య ముందు రోజు

రత్నమ్మకు, అన్న దీవెనలతో.

నీ ఉత్తరం చదివి వీధిలోకి పోయి కాసేపు నడిచి వచ్చాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. సంతోషమే, మరేం కాదు.

జలుబే. వానలో తడిశాను. నీ కూతురికి ప్రతిదీ పెద్దది చేయడం అలవాటు, వాళ్ల నాయన పోలిక.

కార్తీకం దాకా ఎందుకు చెప్పు? ఆశ్వయుజంలో స్వాతి వస్తుంది, నరసింహస్వామి నక్షత్రం, అంతకంటే మంచి రోజు ఏముంది? పైదాకా ఇప్పుడు బస్సు పోతుంది. నాలుగు మెట్లకు కూడా నీ మోకాళ్లను సాకు చెబితే స్వామి నవ్వుతాడు. ముసలివాళ్లం అయ్యాం, మంచి పనికి వాయిదా ఎందుకు?

నా మాట 'నై'. ఎన్, ఐ, జి, హెచ్. దగ్గర అని అర్థం. వాక్యం: స్వాతి 'నై', చెల్లెలు బద్ధకం మానాలి. చూడు, తిట్టాను. తృప్తేనా?

నీ అన్న
గురుమూర్తి


దిగువ అహోబిలం, సత్రం నుంచి,
స్వాతికి ముందు రోజు సాయంత్రం

అన్నకు, రత్నమ్మ నమస్కారం.

నీ పోరు పడలేక వచ్చేశాను. మీ బావ కర్నూలుకు సరుకు కోసమని పొద్దున్నే పోయాడు, భానుప్రియ తోడు వచ్చింది. రేపు తెల్లవారి మొదటి బస్సుకు పైకి పోతాం. ఈ ఉత్తరం పొద్దున ఇక్కడే డబ్బాలో వేస్తాను. ఇది నీకు చేరేలోపల నేను నీతో మాట్లాడేసి ఉంటాను, అయినా రాస్తున్నాను. రాయకుండా ఉండటం చేతకావడం లేదు.

సత్రం అరుగు మీద కూర్చుంటే కొండల మధ్య ఇరుకు లోయ కనిపిస్తుంది. నా సగంలో దానికి మాట ఉంది, 'క్లఫ్'. సి, ఎల్, ఓ, యు, జి, హెచ్. నీకోసమే దాచిపెట్టాను. వాక్యం: 'క్లఫ్' దాటి పైకి పోయి, ఒక మొండి ఆడది తన మొండితనాన్ని దేవుడి దగ్గర వదిలేసి రావాలనుకుంది.

కిందికి దిగగానే ఫోన్ చేస్తాను. ముందుగా చెబుతున్నా, నేను తిడతాను. అమ్మ సంగతి అంతా అడుగుతాను, ఒక్కొక్క రోజూ చెప్పాలి నువ్వు. ఏం తింది, ఏం అడిగింది, నన్ను ఎట్లా పిలిచింది, అన్నీ. నువ్వు అడ్డం రాకుండా వినాలి, ఆ తర్వాత నేను వింటాను. ఎంతసేపైనా సరే. భానుప్రియ ఫోన్ నిండా చార్జింగ్ పెట్టించాను.

నాకు భయంగా ఉంది అన్నా. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత భయపడలేదు.

రత్నమ్మ


ఆళ్లగడ్డ,
దీపావళి వెళ్లాక

అన్నకు,

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఏమీ అనలేదు. మెడలో గొట్టంతో పడుకున్న మనిషిని తిట్టడం నా చేత కాలేదు. గంజి పోశాను, తల దువ్వాను, నీ పక్కన కూర్చుని నవ్వాను. మా ఇంటికి రమ్మంటే పలక మీద 'వద్దు' అని రాశావు, సరే అన్నాను. ఇప్పుడు నువ్వు నీ ఇంట్లో ఉన్నావు, నేను నా ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు చెబుతాను.

స్వామి ముందర ఒట్టు ఇచ్చేశాను. ప్రసాదం తిన్నాను. బస్సు దిగి, సిగ్నల్ వచ్చిన చోట నిలబడి, నీ నంబరు నేనే నొక్కాను. భానుప్రియ నొక్కుతానంటే ఇవ్వలేదు. మోగింది. ఎత్తారు. "అన్నా" అన్నాను. "రత్నా, నేను" అని మీ బావ ఏడుస్తున్నాడు. తెల్లవారుజామున నీకు ఊపిరి అందలేదట, ఇంక ఆగడానికి లేదని డాక్టర్లు లోపలికి తీసుకుపోయారట. ఆయన పొద్దుటి నుంచి నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను పైన స్వామికి నీ పేరు చెబుతున్నాను.

కర్నూలులో నిన్ను చూసి మళ్లీ "అన్నా" అన్నాను. నువ్వు నోరు తెరిచావు. పెదాలు కదిలాయి. గొట్టంలోంచి గాలి మాత్రం వచ్చింది. ఆ గాలి నాకు పగలంతా వినపడుతోంది.

జలుబేనా అని నేను అడిగాను. సూటిగా చెప్పమన్నాను. నువ్వు జలుబే అని రాశావు. అమ్మ దగ్గర ఒకసారి, నీ దగ్గర ఒకసారి. నన్ను ఏమనుకుంటావు నువ్వు? నిజం మోయలేని పసిబిడ్డ అనుకుంటావా? మీ బావతో ఇంట్లో మాట్లాడటం లేదు. అన్నం పెడుతున్నాను, అంతే.

ఇంకొకటి ఉంది, అది నిన్ను అడగలేను, అయినా ఎవరిని అడగను? నీ గొంతు వినను అని దేవుడితో చెప్పింది నేను. వెనక్కి ఇవ్వడానికి పోయిన పొద్దుటే ఆయన దాన్ని నిజం చేశాడు. నా నోటి మాట తగిలిందా అన్నా నీకు? నిద్ర పట్టడం లేదు.

మాట ఏమీ పంపడం లేదు. పుస్తకం తీయబుద్ధి కాలేదు.

రత్నమ్మ


నంద్యాల,
కార్తీక సోమవారం

రత్నమ్మకు, అన్న గురుమూర్తి.

నీ నోటి మాట తగలలేదు. ఆ గడ్డ ఎప్పుడు పుట్టిందో డాక్టరు చెప్పాడు, నీ ఒట్టు దానికంటే చాలా పాతది. నరసింహస్వామికి లోకంలో ఇన్ని పనులుండగా, ఆళ్లగడ్డ రత్నమ్మ కోపంలో అన్న మాట పట్టుకుని ఇన్నేళ్లు కూర్చుంటాడా? ఆ ఆలోచన ఇవాళే వదిలెయ్. అన్నగా చెబుతున్నాను.

తక్కిన తిట్లన్నీ నావే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవద్దు. నువ్వు జాలితో రాకూడదని పంతం పట్టాను. బావ చెప్పాడు తప్పని. వినలేదు. బావను శిక్షించకు, ఒట్టు పెట్టి నోరు కట్టింది నేనే. ఇవాళే ఆయనతో మాట్లాడు. మన ఇంట్లో మాటలు లేకుండా పోయిన ఏళ్లు చాలు.

అమ్మ సంగతి అడిగావు. రాస్తున్నాను. జొన్న గంజి తాగింది. నాయన ఫోటో గోడ మీద నుంచి తీసి దగ్గర పెట్టమంది. నిన్ను పిలిపించమని నన్ను అడగలేదు, "బాలింత, వానలో బిడ్డనెత్తుకోని యాడొచ్చాదిలే" అని తనే అనేది. ఆ కాసేపటికే మరిచిపోయి నిన్ను పిలిచేది. నువ్వు పెరట్లో ఉన్నావనుకుని పిలిచేది. నేను "వస్తాందిమా" అనేవాణ్ణి. అట్లా అంటే ఊరుకునేది.

ఆ పిలుపు నీకు వినిపించాలనుకున్నాను. అందుకే ఫోన్ ఎత్తమని బతిమాలింది. నాకు వచ్చేది అది, అమ్మ గొంతుతోనే వచ్చేది. ఆసుపత్రిలో నిన్ను చూసి నోరు తెరిచింది కూడా అందుకే. ఇప్పుడు రాయాలని కూర్చుంటే 'రత్నా' అని రెండక్షరాలు తప్ప కాగితం మీద ఏమీ రావడం లేదు. సాగదీత రాయడానికి అక్షరం లేదు. చివర పైకి లేపడం రాయడానికి లేదు. ఇన్ని భాషల పుస్తకాలు చదివాను, ఒక్కదానిలోనూ లేదు. నాతోనే పోయింది రత్నా. అమ్మను నేను రెండోసారి పోగొట్టాను.

గురుమూర్తి


ఆళ్లగడ్డ,
కార్తీకం, బుధవారం

అన్నకు, రత్నమ్మ నమస్కారం.

మీ బావతో మాట్లాడాను. మొదటి మాట "కూరలో ఉప్పుందా?" అని. ఆయన కంచం ముందర వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉప్పు సరిపోయిందట.

అమ్మ గురించి రాసింది ఎన్నిసార్లు చదివానో. పెరట్లో ఉన్నాననుకుందని రాశావు చూడు, అది చాలు నాకు. దూరంగా ఉన్నానని తెలిసి ఏడ్చిందేమో అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆ పిలుపు ఎట్లుండేదో నాకు జ్ఞాపకం లేదు. నిన్న పెరట్లో నిలబడి తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. పోయిందిలే. నువ్వు ఏడవొద్దు, గొంతు దగ్గర పుండు ఇంకా పచ్చిగా ఉంది.

నీతో ఒకటి ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు రిటైరైన రోజు స్కూల్లో సభ పెట్టారు కదా. ఆ రోజు నేను నంద్యాల వచ్చాను. భానుప్రియకు కూడా చెప్పలేదు. చీరలకని చెప్పి బస్సెక్కాను. నిన్ను చూసి పోదామనే, వినాలని కాదు. కానీ మైకు పెట్టారు, రోడ్డు దాకా వినపడుతోంది. స్కూలు గేటు బయట జనంలో నిలబడ్డాను. చెవులు మూసుకోవాల్సింది, చేతులు లేవలేదు.

నువ్వు ఇంగ్లీషు మాటల గురించే ఏదో చెబుతున్నావు, పిల్లలు నవ్వుతున్నారు. ఉన్నట్టుండి ఆపేశావు. గేటు వైపు చూశావు. "ఆడ గేటుకాడ ఎండలో నిలబడినోళ్లు లోపలికి రాండమ్మా, కుర్చీలు శానా ఉండాయి" అన్నావు. అందరూ కదిలారు. నా పక్కనామె నా చెయ్యి పట్టుకుని, "రామ్మా, సారు పిలుస్తాండాడు" అంది.

నన్ను గుర్తుపట్టి అన్నావో, ఊరికే అందరినీ అన్నావో ఇప్పటికీ నాకు తెలియదు. నీ గొంతులో నేను విన్న చివరి మాటలు అవే. అన్నం వండేటప్పుడు, గుడికి పోయేటప్పుడు, ఈ మధ్య రోజూ అవే అనుకుంటున్నాను, అచ్చం నువ్వు అన్నట్టే. రాండమ్మా అన్నావు. కుర్చీలుండాయి అన్నావు.

నేను ఆమె చెయ్యి విడిపించుకుని కొంగు కప్పుకుని బస్టాండుకు నడిచాను అన్నా. నువ్వు పిలిచావు, నేను రాలేదు.

రత్నమ్మ